ఎవరినీ ఇంటికి పంపని పోటీ



పిల్లలు టి.వి. ముందు కూర్చుంటే పుస్తకము తీయరని మా సంఘములోని తల్లులు తరచుగా మొరపెట్టుకుంటారు. ఆ మాట నిజమే. అయితే ఒక సంగతి గమనించారా? ప్రశ్నల పోటీ వచ్చినప్పుడు మాత్రము ఇల్లంతా ఒక్కటవుతుంది. పొయ్యి దగ్గరనుండి తల్లి జవాబు చెబుతుంది. మంచము మీదనుండి తాత "కాదు, రెండోదే" అంటాడు. బడిలో మాస్టారు అడిగితే తల దించుకునే పిల్లవాడు ఇక్కడ అందరికంటే ముందు అరుస్తాడు. పిల్లవాడు వాడే, ప్రశ్న కూడా అటువంటిదే. మరి మారినది ఏమిటి? ఈ సంగతిని మేము, అమ్మగారు చాలా దినములు ఆలోచించాము. ఆ ఆలోచనలోనుండి పుట్టిన పనిని గూర్చి ఈ నెల మీతో నాలుగు మాటలు పంచుకోవాలని ఆశిస్తున్నాము.

మాది పల్నాడులో మిరప, పత్తి పండే పల్లె. మందిరపు హాలులో వారమునకు నాలుగు సాయంకాలములు పిల్లలకు చదువు చెబుతాము. ఆరవ తరగతి మొదలు పదవ తరగతి వరకు ఏ ఇంటి పిల్లలైనా వస్తారు. మేము చదివినది వేదాంత విద్యలో డిప్లొమా. లెక్కలు, సైన్సు చెప్పేటప్పుడు ముందురోజు రాత్రి మేము కూడా విద్యార్థులమే. సోమ, బుధ, శుక్రవారములు పాఠము. శనివారము పునశ్చరణ, అనగా వారమంతా చెప్పినది మరల గుర్తు చేసుకొనుట. పిల్లలకు అన్నిటికంటె విసుగైనది ఈ పునశ్చరణే. చదివిన పాఠమే మరల చదవమంటే కన్నులు పుస్తకము మీద, మనస్సు వీధిలో ఉంటుంది. అందుచేత శనివారమును ఆటగా మార్చాము. పట్టణములో ఉద్యోగము చేసే మా సంఘపు యవ్వనస్థుడొకడు పాత ప్రొజెక్టరు కొని తెచ్చాడు. అమ్మగారి కంప్యూటరులో స్లైడ్లు చేసి, వెల్ల వేసిన గోడ మీద వేస్తాము. ఇప్పటికి అయిదేండ్లుగా ఇది జరుగుచున్నది.

ఈ పోటీలు ఎక్కడివి?

ప్రశ్నల పోటీ మన దేశమునకు మొదట రేడియో ద్వారా అలవాటైనది. బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ 1972లో రేడియోలో ప్రారంభమై, 1992లో టి.వి.కి వచ్చింది. దూరదర్శన్‌లో 1985లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' నడిపించారు. అవి ఎక్కువగా బాగా చదువుకున్న పట్టణపు పిల్లల పోటీలు. పల్లెలవరకు వచ్చినది 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో మొదలైన 'కౌన్ బనేగా కరోడ్‌పతి'. దాని మూలము ఇంగ్లండులో 1998 సెప్టెంబరులో ప్రారంభమైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్'. తెలుగులో 2014లో మా టి.వి.లో నాగార్జున గారు 'మీలో ఎవరు కోటీశ్వరుడు' నడిపించారు. 2017లో చిరంజీవి గారు ఆ స్థానములో కూర్చున్నారు. 2021లో జెమిని టి.వి.లో జూనియర్ ఎన్.టి.ఆర్. గారు 'ఎవరు మీలో కోటీశ్వరులు' నడిపించారు. ఆ సంవత్సరము నవంబరులో కొత్తగూడెము ప్రాంతపు సబ్ ఇన్‌స్పెక్టరు ఒకరు కోటి రూపాయలు గెలిచినప్పుడు మా వీధిలో కూడా చప్పట్లు వినబడినవి.

అమెరికాలో మరియొక ఆట ఉన్నది, దాని పేరు 'జెపర్డీ'. దాని పుట్టుక కథ మనము తెలుసుకోదగినది. 1950వ దశకములో ఆ దేశపు టి.వి. పోటీలలో కొందరికి జవాబులు ముందుగానే రహస్యముగా చెప్పేవారు. 1959లో చార్లెస్ వాన్ డోరెన్ అను పేరుపొందిన విజేత తనకు జవాబులు ముందే ఇచ్చారని ప్రభుత్వ విచారణ ఎదుట ఒప్పుకున్నాడు. దేశమంతా సిగ్గుపడినది. 1960లో అటువంటి మోసమును నిషేధిస్తూ చట్టము తెచ్చారు. తరువాత మెర్వ్ గ్రిఫిన్ క్రొత్త పోటీ కోసము ఆలోచించుచుండగా, జవాబులు మనమే బహిరంగముగా ఇచ్చి ప్రశ్నలు వారిని చెప్పమందామని ఆయన భార్య సలహా ఇచ్చింది. 1964లో ఆ ఆట ప్రారంభమైనది. తెర మీద ఆరు అంశములు, ఒక్కొక్క అంశము క్రింద అయిదు గడులు ఉంటాయి. క్రిందికి పోయేకొలది ప్రశ్న కష్టము, దాని విలువ ఎక్కువ. మోసము జరిగిన చోటనే, జవాబులను బహిరంగముగా ఇచ్చే ఆట పుట్టుట చూడండి!

ఆటలో ఉన్న బలము

ఈ ఆటలలో మూడు మంచి సంగతులు మాకు కనబడినవి. మొదటిది, ప్రశ్నకు జవాబుకు మధ్యనున్న నిశ్శబ్దము. ఆ కొద్ది క్షణములలో చూచేవాడు కూడా తన మనస్సులో వెదకుచున్నాడు. రెండవది, తప్పో ఒప్పో వెంటనే తెలియుట. బడిలో పరీక్ష వ్రాసిన తరువాత పేపరు చేతికి వచ్చేసరికి పిల్లవాడు ఏమి వ్రాశాడో వాడికే గుర్తుండదు. మూడవది, సులభమైన ప్రశ్నతో మొదలై మెట్టు మెట్టుగా ఎక్కుట. మొదటి మెట్టు ఎక్కినవాడికి రెండవదాని మీద ధైర్యము వస్తుంది.

వీటిలో మొదటిది అన్నిటికంటె ముఖ్యము. అమెరికాలోని సెయింట్ లూయీ నగరములో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అను ఇద్దరు పండితులు 2006లో ఒక పరిశోధన ప్రకటించారు. కాలేజీ విద్యార్థులలో కొందరు ఒక పాఠమును నాలుగు మారులు చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, పుస్తకము మూసి, గుర్తున్నది మూడు మారులు వ్రాశారు. అయిదు నిమిషముల తరువాత చూస్తే నాలుగు మారులు చదివినవారే మెరుగు. వారము తరువాత చూస్తే తారుమారైనది. చదివి చదివి ఉన్నవారికి సుమారు 40 శాతము, గుర్తు చేసుకొని వ్రాసినవారికి సుమారు 61 శాతము జ్ఞాపకమున్నది. బావిలో నీరున్నంత మాత్రాన దాహము తీరదు గదా, చేద వేసి తోడవలెను. తోడేకొలది ఊట ఊరుతుంది. జ్ఞాపకము కూడా అంతే.

ఆటలో మనకు పనికిరానిది

అయితే టి.వి. పోటీని ఉన్నది ఉన్నట్టుగా తరగతిలోనికి తేకూడదు. ఎందుకనగా టి.వి. పోటీ పని ఒకటి, తరగతి పని మరొకటి. అక్కడ పదిమందిలో ఒక్కడు పైకి రావలెను, తప్పు చెప్పినవాడు ఇంటికి పోవలెను. చూచేవారికి ఆనందము అందులోనే ఉన్నది. తరగతిలో తప్పు చెప్పినవాడే మనకు ముఖ్యుడు. వాడి కోసమే పునశ్చరణ పెట్టుకున్నాము. వాడిని ప్రక్కన కూర్చోబెట్టితే, వైద్యుడు రోగిని పంపివేసి ఆరోగ్యవంతునికి మందు ఇచ్చినట్టే అవుతుంది.

ఇటువంటి పోటీలు మేము కొన్ని చూశాము. ముగ్గురు చురుకైన పిల్లలు గంట కొట్టి జవాబులన్నీ చెబుతారు. మిగిలిన యాభైమంది చప్పట్లు కొడతారు. నిర్వహించినవారు సంతోషముగా బహుమతులిచ్చి వెళ్తారు. ఆ యాభైమంది ఏమి నేర్చుకున్నారు? చప్పట్లు కొట్టుట నేర్చుకున్నారు, చదువు తమది కాదని నేర్చుకున్నారు.

అందుచేత మా ఆటలో గంట లేదు, పలక ఉన్నది. ప్రశ్న గోడ మీద పడగానే ఎవరూ నోరు తెరవకూడదు. ముప్ఫయి లెక్కించేలోపు ప్రతి ఒక్కరు తన పలక మీద జవాబు వ్రాయవలెను. "పలకలు ఎత్తండి" అనగానే అందరూ ఒక్కసారే పైకెత్తవలెను. అప్పుడు హాలులో ఎవరికి వచ్చినదో, ఎవరికి రాలేదో ఒక్క చూపులో మాకు తెలుస్తుంది. చురుకైన పిల్ల జవాబు చెప్పేసిందని మందకొడి పిల్లవాడు ఆలోచన మానుకొనుటకు వీలు లేదు. ప్రక్కవాడి పలక చూచుటకు వ్యవధి లేదు.

మిగిలిన నియమములు కూడా ఈ ఒక్క ఉద్దేశముతోనే పెట్టుకున్నాము. ఒక్కొక్క జట్టులో అయిదుగురు, పెద్ద తరగతివారు చిన్న తరగతివారు కలిసి ఉంటారు. జట్టు తరఫున వివరించవలసినవాడు ఎవరో చీటీ తీసి నిర్ణయిస్తాము. కాబట్టి జట్టులోని పెద్దవారు చిన్నవారికి నేర్పక తప్పదు. తప్పు జవాబుకు మార్కులు తీసివేయుట లేదు. ఎక్కువమంది తప్పిన ప్రశ్న వచ్చే శనివారము మరల వస్తుంది, నెల తరువాత ఇంకొకసారి వస్తుంది. టి.వి. పోటీలోని సహాయములు కూడా ఉంచాము గాని వాటి అర్థము మార్చాము. స్నేహితునికి ఫోను చేయుటకు బదులు జట్టులో ఒకరిని అడగవచ్చును, అయితే ఆ స్నేహితుడు జవాబు చెప్పకుండా గుర్తు మాత్రమే చెప్పవలెను. రెండు తప్పు జవాబులు తీసివేయించుకొనుటకు బదులు, ఒక నిమిషము పుస్తకము తెరచి వెదకవచ్చును. ఎక్కడ వెదకవలెనో తెలియుట కూడా చదువే గదా.

పెద్దాయన అడిగిన ప్రశ్న

మొదటి నెలలోనే మా సంఘ పెద్దలలో ఒకరు మా దగ్గరకు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. ఆయన మాట నెమ్మది గాని సూటిగా ఉంటుంది.

"అయ్యగారూ, మందిరములో కోటీశ్వరుడి ఆట ఏమిటండి? ధనాపేక్ష కూడదని ఆదివారము మీరే చెబుతిరి. శనివారము గోడ మీద లక్షలు వేస్తిరి. పిల్లలు ఏది వినాలి?"

ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. స్లైడు మీద ఉన్నవి ఉత్తి అంకెలే, ఎవరికీ రూపాయి ఇవ్వడము లేదు. అయినా పిల్లల కన్ను అంకె మీద పడితే జవాబు మీద నిలువదు. "పెద్దయ్యా, డబ్బు తీసివేద్దాము, మరి దేనితో లెక్క పెడదాము?" అని అడిగాము. ఆయన కాసేపు ఆలోచించి, "చింతగింజలు పెట్టండి. చిన్నప్పుడు మేము దేనికైనా వాటితోనే లెక్క వేసుకున్నాము" అన్నారు. ఆనాటినుండి మా గోడ మీద లక్షలు లేవు, పన్నెండు మెట్లు ఉన్నవి. ప్రతి జట్టు ముందు ఒక గిన్నె ఉంటుంది. పలక మీద సరియైన జవాబు వ్రాసిన ప్రతి పిల్లకు ఒక గింజ గిన్నెలో పడుతుంది. కాబట్టి జట్టులో ఒక్కడు పండితుడైతే చాలదు, అయిదుగురూ వ్రాయవలెను. గింజలు వేసేది ఆ పెద్దాయనే. తప్పు వ్రాసిన పిల్లవాని దగ్గర ఆగి, "మళ్ళీ వారము నీ గింజ నా దగ్గరే దాచిపెడతాలే" అంటారు. ఆ మాట మేము నేర్పలేదు. ఆటకు ప్రాణము అదే అని మాకు తోస్తుంది.

స్తంభము ప్రక్కన కూర్చున్నవాడు

పదవ తరగతి చదివే ఒక అబ్బాయి ఎప్పుడూ స్తంభమునకు ఆనుకొని వెనుకగా కూర్చునేవాడు. జనవరి చివరనుండి తల్లితో కలిసి మిరప కోతలకు పోయేవాడు. వారములో మూడు దినములు బడి ఉండదు. "నాకెందుకండీ అయ్యగారూ పరీక్ష, ఎట్లాగూ తప్పుతాను. జిన్నింగు మిల్లులో పని చూసుకుంటాను" అని అమ్మగారితో చెప్పాడు. మొదటి కొన్ని శనివారములు వాడి పలక మీద ఏమీ ఉండేది కాదు. ఎత్తమంటే ఖాళీ పలకనే ఎత్తేవాడు. పెద్దాయన ఏమీ అనకుండా ముందుకు పోయేవారు.

ఒక శనివారము గోడ మీద ఈ ప్రశ్న పడినది. నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన ఏ సంవత్సరములో జరిగినది? 1947, 1955, 1967, 1974. పలకలు ఎత్తగా ఎక్కువమంది 1955 అని వ్రాశారు. స్తంభము ప్రక్కన పలక మీద మొదటిసారి అక్షరములు కనబడినవి. 1967 అని ఉన్నది.

"ఎందుకు అట్లా వ్రాశావు నాయనా?" అని అడిగాము.

"మా తాత చెప్పాడండి. నీళ్ళు వచ్చిన ఏడు అదేనంట. మా తాత నాయన ఆ కట్టకు రాళ్ళు మోశాడంట."

హాలంతా నిశ్శబ్దమైనది. వాడు చెప్పినది తప్పు జవాబే గాని నిజమైన సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. ఆ రెండింటి మధ్య పన్నెండేండ్ల చెమట ఉన్నది, అందులో వాడి ముత్తాత చెమట కూడా ఉన్నది. పుస్తకములో ఒక్క వాక్యముగా ఉన్న పాఠము ఆ పూట మా హాలులో ఒక కుటుంబపు కథ అయినది. వాడు తప్పు వ్రాయకపోయి ఉంటే పిల్లలకు ఒక్క సంవత్సరమే తెలిసేది, వాడి వలన రెండు తెలిసినవి.

ఆ తరువాత వాడి పలక ఖాళీగా లేదు. తప్పులు చాలా ఉండేవి, కాని ఖాళీ లేదు. మార్చి పరీక్షలలో లెక్కలు తప్పాడు, మిగిలినవి గట్టెక్కాడు. సప్లిమెంటరీలో లెక్కలు కూడా అయినవి. ఇప్పుడు ఐ.టి.ఐ. చదువుచున్నాడు. ఆటవలననే పాసయ్యాడని మేము చెప్పము. వాడి తల్లి కష్టము, బడిలో మాస్టర్ల శ్రమ, వాడి పట్టుదల అన్నీ ఉన్నవి. కాని గంట కొట్టే పోటీ అయి ఉంటే వాడు ఆ సంవత్సరమంతా స్తంభము ప్రక్కనే మౌనముగా ఉండిపోయేవాడని మాత్రము గట్టిగా చెప్పగలము.

తప్పు జవాబులోనే తాళపుచెవి

ప్రశ్న తయారు చేయుటలో ఎక్కువ శ్రమ సరియైన జవాబుకు కాదు, మూడు తప్పు జవాబులకు. టి.వి.లో తప్పు జవాబులు పోటీదారుని తికమక పెట్టుటకు ఉంటాయి. మనకు అవి పిల్లల మనస్సులో ఏమున్నదో చూపించే కిటికీలు. మొక్క ఆహారము ముఖ్యముగా ఎక్కడ తయారవుతుంది అని అడిగి వేరు, కాండము, ఆకు, పువ్వు అని ఇచ్చాము. ఏడవ తరగతి అమ్మాయి 'వేరు' అని వ్రాసింది. కారణము అడిగితే "ఎరువు వేసేది మొదట్లోనే గదండీ" అన్నది. చేను ఎరిగిన పిల్ల ఆలోచన అది. నీరు, లవణములు వేరునుండి వస్తాయి గాని, ఎండ సహాయముతో ఆహారము వండేది ఆకు అని అప్పుడు చెబితే మనస్సుకు పట్టినది. నవ్వు పుట్టించుటకు అర్థము లేని జవాబులు పెట్టితే ఈ మేలు పోతుంది.

జెపర్డీ పద్ధతి కూడా నెలకొకసారి ఆడతాము. జవాబు మేము ఇస్తాము, ప్రశ్న వారు కట్టవలెను. '1956 నవంబరు 1' అని వేస్తే, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన దినము ఏదని చాలామంది వ్రాశారు. ఒక అమ్మాయి మాత్రము "కేరళ రాష్ట్రము ఏర్పడిన దినము ఏది?" అని వ్రాసింది. అదియు సరియైనదే! పిల్లలు ఆశ్చర్యపడి, ఆనాడే ఇంకా ఏ రాష్ట్రములు ఏర్పడినవో పుస్తకములో వెదికారు. ప్రశ్న కట్టుట జవాబు చెప్పుటకంటె కష్టము. అది వచ్చిన పిల్లకు పాఠము వచ్చినట్టే.

ఆదివారము సండేస్కూలులో కూడా ఇదే పద్ధతి. తూర్పు దేశపు జ్ఞానులు ఎంతమంది అని అడిగి ఇద్దరు, ముగ్గురు, పన్నెండుమంది, వాక్యములో సంఖ్య లేదు అని నాలుగు ఇస్తే, పెద్దలు కూడా ముగ్గురనే అంటారు. మత్తయి 2వ అధ్యాయము తెరచి చూస్తే కానుకలు మూడు గాని మనుష్యుల సంఖ్య లేదు. నోవహు ఓడలోనికి పవిత్ర జంతువులు ఎన్నేసి జతలు అంటే అందరూ ఒక్క జత అంటారు. ఆదికాండము 7వ అధ్యాయము ఏడు అని చెబుతుంది. క్రిస్మసు నాటికల వలన, బొమ్మల వలన మనకు తెలుసని అనుకున్నవాటిని వాక్యముతో సరిచూసుకొనుట పిల్లలకు ఈ విధముగా అలవాటవుతుంది.

స్లైడ్లు చేయు విధానము

చేయాలని ఆశపడే ఉపాధ్యాయుల కోసము క్లుప్తముగా చెబుతాము. పవర్‌పాయింట్ అయినా, ఉచితముగా దొరికే లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్ అయినా చాలును.

మెట్ల ఆటకు ఒక్కొక్క ప్రశ్నకు ఒక స్లైడు. ప్రశ్న, నాలుగు జవాబులు, అంతే. సరియైన జవాబుకు రంగు వచ్చేటట్టు యానిమేషన్ పెట్టి, నొక్కినప్పుడే కనబడేటట్టు చేయండి. పలకలు ఎత్తకముందు నొక్కవద్దు.

గడుల ఆటకు మొదటి స్లైడులో పట్టిక గీయండి. పైన అంశములు, క్రింద 1 నుండి 5 వరకు అంకెలు. ఒక్కొక్క అంకెను ఎంచుకొని, ఇన్సర్ట్‌లో లింక్ నొక్కి, 'ప్లేస్ ఇన్ దిస్ డాక్యుమెంట్' ద్వారా దాని ప్రశ్న స్లైడుకు కలపండి. ప్రతి ప్రశ్న స్లైడు మూలలో మరల పట్టికకు వచ్చుటకు ఒక గుర్తు పెట్టి, దానికి కూడా లింకు ఇవ్వండి. లింకు అంకె అక్షరమునకే ఇస్తే, ఒకసారి తెరచిన అంకె రంగు మారుతుంది. ఏ గడి అయిపోయినదో వేరుగా వ్రాసుకోనక్కరలేదు. ట్రాన్సిషన్స్‌లో 'ఆన్ మౌస్ క్లిక్' అన్న చోట టిక్కు తీసివేయండి. లేనియెడల చేయి ఎక్కడ తగిలినా తరువాతి స్లైడులోని ప్రశ్న బయటపడుతుంది.

అక్షరములు పెద్దవిగా, నలుపు మీద తెలుపుగాని తెలుపు మీద నలుపుగాని ఉంచండి. వెనుక వరుసలో కూర్చుని చదవగలిగితేనే అది సరియైన స్లైడు. తెలుగును యూనికోడ్ అక్షరములతోనే కొట్టండి. డి.టి.పి. కేంద్రముల పాత అక్షరములతో చేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చిగీతలు కనబడతాయి. ఆంధ్రప్రదేశ్‌లోని అనేక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో 2023లో పెద్ద డిజిటల్ తెరలు అమర్చారు. అటువంటి తెర ఉన్న బడిలో ప్రొజెక్టరు అవసరము లేదు.

ఇదంతా లేని చోట నిరాశపడవద్దు. కరెంటు పోయిన శనివారములు మాకు చాలా ఉన్నవి. పాత క్యాలెండరు కాగితము వెనుక పట్టిక గీసి, గడులకు కాగితపు జేబులు అంటించి, వాటిలో ప్రశ్న చీటీలు పెట్టి, లాంతరు వెలుగులో ఆడాము. ఆట తెరలో లేదు, పలకలో ఉన్నది. స్లైడు కంటికి ఇంపు, ఉపాధ్యాయునికి సౌకర్యము, అంతవరకే.

తల్లిదండ్రులకు ఒక మాట

మీ బిడ్డ శనివారము ఇంటికి వచ్చినప్పుడు "గెలిచావా?" అని అడుగవద్దు. "ఏ ప్రశ్న తప్పావు? దాని జవాబు ఏమిటి?" అని అడగండి. తప్పినది చెప్పుటకు సిగ్గుపడని ఇంట్లో చదువు నిలుస్తుంది. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. పుస్తకము మూయించి, "ఈ పాఠములో ఏముందో నాకు చెప్పు" అని అడిగి వినండి, అది చాలును. మీకు తెలిసిన సంగతులు, కాలువ వచ్చిన సంవత్సరము, గాలివాన వచ్చిన సంవత్సరము, మీ పెద్దల కష్టము వారికి చెప్పండి. అవి ఏనాడో ఒకనాడు వారి పలక మీద కనబడతాయి.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నదిలోనుండి పన్నెండు రాళ్ళు తీసి గిల్గాలులో నిలువబెట్టారు. ఎందుకు? రాబోవు తరము పిల్లలు వాటిని చూచి ప్రశ్న అడుగవలెనని, పెద్దలు జవాబు చెప్పవలెనని. దేవుడు తన ప్రజల జ్ఞాపకమును పిల్లవాని ప్రశ్న మీద నిలిపాడు. పండ్రెండేండ్ల ప్రాయములో మన ప్రభువు కూడా దేవాలయములో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుచు కనబడ్డాడు. ప్రశ్న అడుగుట, జవాబు వెదకుట మనకు క్రొత్త కాదు. అందులో ఎవరినీ విడిచిపెట్టకుండుటయే మన బాధ్యత.

ఈ సెలవులలో మీ సంఘములోగాని, మీ వీధి అరుగు మీదగాని పదిమంది పిల్లలను కూర్చుండబెట్టి ఒక్క సాయంకాలము ప్రయత్నించి చూడండి. పన్నెండు ప్రశ్నలు, పది పలకలు, గుప్పెడు చింతగింజలు. చురుకైన పిల్ల ఎంత త్వరగా వ్రాసినదో చూడవద్దు. ఖాళీ పలక ఎత్తిన చేయి ఎవరిదో చూచి, ఆ బిడ్డ ప్రక్కన కూర్చోండి. ప్రభువు మీ ప్రయాసను, మన పల్లెల పిల్లలందరి చదువును ఆశీర్వదించును గాక. ఆమేన్.